మరిగింపరాని చారు: జపాను గృహములలో మిసో
(సంఘ సభయందు గావింపబడిన ప్రసంగ పాఠము)



తెలుగువారి ఇంట చారు కాచు ఇల్లాలికి ఒక సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. చారుపొడి వేసిన పిమ్మట గిన్నె అంచున నురుగు లేచి, పొంగు వచ్చుచుండగనే దానిని దింపివేయవలెను. ఆ క్షణము దాటి మరిగినచో పరిమళము వంటింటిలోనే చెదరిపోవును గాని విస్తరి వరకు రాదు. పెరుగు విషయమునను ఇట్టి జాగ్రత్తయే కలదు. పాలను కాచి, గోరువెచ్చనగు వరకు చల్లార్చి, అప్పుడు తోడు వేయుదురు. మరుగుచున్న పాలలో తోడు వేయు ఇల్లాలు ఎక్కడను కానరాదు. వంట అనగా ఉడికించుట మాత్రమే కాదు. నిప్పును ఎక్కడ ఆపవలెనో తెలిసికొనుటయు వంటయే.

జపాను దేశమున ఈ జాగ్రత్తనే ఆధారముగా చేసికొని ఒక నిత్యవంటకము వెలసినది. దాని పేరు మిసోషిరు. అనగా మిసో కలిపిన చారు. తెలుగింట చారువలెనే అదియు ధనికుని ఇంటను, కూలివాని ఇంటను అన్నముతోపాటు వడ్డింపబడుచుండును. అందులో కూరగాయలు దండిగా వేసి, మిసోను మరిగింపక పచ్చిగానే కలిపి, ఇంట సిద్ధము చేసికొనుట ఎట్లో వివరించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము. ఇది కేవలము రుచికి సంబంధించిన విషయము కాదు. ఉప్పునకును, రక్తపుపోటునకును, ఒక ప్రాంతపు ప్రజల ఆయుర్దాయమునకును దీనితో సంబంధము కలదు. ఆ సంగతి తరువాత వచ్చును.

ముందుగా మిసో అనగానేమో తెలియవలెను. అది సోయా చిక్కుడు గింజలతో చేసిన ముద్ద. చూచుటకు బాగుగా నూరిన చింతపండు పచ్చడివలె నుండును. గింజలను నానబెట్టి, మెత్తగా ఉడికించి, దంపుదురు. వేరుగా బియ్యమునుగాని, యవలనుగాని ఆవిరిపై ఉడికించి, దానిపై ఒక జాతి బూజును చల్లి, వెచ్చని గదిలో సుమారు రెండు దినములు ఉంచుదురు. బూజు గింజ గింజకును తెల్లగా అల్లుకొనును. ఇట్లు సిద్ధమైన దానిని కోజి అందురు. ఆ బూజునకు శాస్త్రజ్ఞులు ఆస్పర్జిల్లస్ ఒరైజే అని పేరిడినారు. జపాను దేశపు మద్యశాస్త్ర సంఘము 2006లో దీనిని తమ జాతీయ శిలీంధ్రముగా ప్రకటించినది. జాతీయ పక్షి, జాతీయ పుష్పము కలిగిన దేశములు పెక్కు కలవు గాని, ఒక బూజునకు ఇట్టి గౌరవమిచ్చుట అరుదు.

దంచిన సోయా ముద్దలో కోజిని, ఉప్పును కలిపి, తొట్టెలలో గాలి చొరకుండ అదిమి, పైన బరువుంచి నెలల తరబడి వదలివేయుదురు. ఉప్పు తగిలినంతనే బూజు పెరుగుట ఆగిపోవును. కాని అది అంతకుముందే పుట్టించియుంచిన పాచకద్రవ్యములు తమ పనిని సాగించుచునే యుండును. అవి సోయాలోని మాంసకృత్తులను విడగొట్టి రుచిగల ఆమ్లములుగా మార్చును. బియ్యములోని పిండిని చక్కెరగా మార్చును. పిదప ఉప్పును ఓర్చుకొనగల కొన్ని సూక్ష్మజీవులు ప్రవేశించి, పులుపును, పరిమళమును చేకూర్చును. ఊరగాయ జాడీని కదపక, తడి తగులనీయక కాపాడు ఇల్లాండ్రకు ఈ వ్యవహారము కొత్తగా తోచదు.

ప్రాంతమును బట్టి మిసోలో పెక్కు రకములు గలవు. క్యోటో నగరపు తెల్ల మిసోలో కోజి ఎక్కువ, ఉప్పు తక్కువ. అది తియ్యగా నుండి కొద్ది వారములలోనే సిద్ధమగును. సెందాయ్ ప్రాంతపు ఎర్ర మిసో ఎక్కువ కాలము ఊరును, ఉప్పదనము హెచ్చు. దక్షిణమున క్యూషూ ద్వీపమున యవల మిసో వాడుక. ఐచి రాష్ట్రములోని ఒకజాకి పట్టణమున బియ్యము, యవలు కలుపక కేవలము సోయాతోనే హచ్చో మిసో చేయుదురు. అక్కడ పెద్ద దేవదారు తొట్టెలపై ఏటిరాళ్ళను గోపురమువలె పేర్చి, రెండు వేసవులు, రెండు శీతకాలములు గడువనిత్తురు. మధ్యదేశమగు నగానో నుండి వచ్చు పసుపుపచ్చని మిసోకు ఆ ప్రాంతపు పాత పేరునుబట్టి షిన్షూ మిసో యని పేరు. జపానులో తయారగు మిసోలో చాల భాగము ఈ రకమునకు చెందినదే.

దీని చరిత్ర మిక్కిలి పాతది. చీనా, కొరియా దేశములనుండి ఈ విద్య జపానునకు చేరినది. క్రీ. శ. 701 నాటి రాజశాసన సంహితలో మిసోకు పూర్వరూపమైన పదార్థము ప్రస్తావింపబడినది. తొలుత దానిని నంజుకొని తినుటయే గాని, చారుగా కాచుట లేదు. కామకుర యుగమున, అనగా పన్నెండవ శతాబ్ది చివరనుండి పదునాల్గవ శతాబ్ది వరకు, బౌద్ధ మఠములలో మిసోను రోట నూరి నీటిలో కలుపు పద్ధతి ప్రబలినది. మఠములలో మాంసము, చేపలు నిషిద్ధములు. ఉన్న కూరగాయలతోను, గింజలతోను రుచిని పుట్టింపవలసి వచ్చినది. 1237లో దోగెన్ అను బౌద్ధాచార్యుడు మఠమునందలి వంటపెద్దకు ఉపదేశముగా ‘తెంజో క్యోకున్’ అను గ్రంథమును రచించెను. వంటవాని పనియు ఒక సాధనయే యని అందలి ప్రధానాశయము. శాకాహారులగు తెలుగు కుటుంబములకు మిసో చారు పనికివచ్చుట ఈ మఠ సంప్రదాయము వలననే.

ఇక చారునకు మూలమైన రసము సంగతి. జపానువారు దీనిని దాషి యందురు. సామాన్య గృహములలో ఎండిన చేప పొరలను నీటిలో వేసి దాషి తీయుదురు. మఠములలోనైతే కొంబు అను సముద్రపు నాచును, ఎండు షీటాకే పుట్టగొడుగులను మాత్రమే వాడుదురు. కొంబులోని రుచి ఏమియని 1908లో టోక్యో రాజకీయ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కికునాయె ఇకెడా శోధించి, అది గ్లుటమిక్ ఆమ్లమువలన కలుగునని కనుగొని, ఆ రుచికి ఉమామి యని పేరు పెట్టెను. పుట్టగొడుగులలో గల అట్టి మరియొక పదార్థమును 1957లో అకిరా కునినాక గుర్తించెను. ఈ రెండును కలిసినపుడు రుచి కూడికవలె గాక హెచ్చవేతవలె పెరుగును. మఠములోని వంటవారు కొంబును, పుట్టగొడుగును ఒకే నీటిలో నానబెట్టుచుండుటకు కారణము శాస్త్రమునకు ఇట్లు ఆలస్యముగా తెలిసినది. రుచి ఇట్లు నిండుగా ఉన్నచోట ఉప్పు తక్కువైనను నాలుకకు లోటు తోచదు. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను.

ఇప్పుడు నగానో సంగతి. అది హోన్షూ ద్వీపము నడుమ, సముద్రము లేని కొండల సీమ. శీతకాలము దీర్ఘము, మంచు అధికము. పూర్వము ఆ నెలలలో పచ్చి కూరలు దొరకవు. అందుచే నొజవన అను ఆకుకూరను ఉప్పులో ఊరవేసి, ఆ ఊరగాయను, చిక్కని మిసో చారును పూటపూటకు తినుచుండిరి. 1960 ప్రాంతమున అక్కడ మెదడులో రక్తనాళములు చెడి పక్షవాతముతో మరణించువారు మిక్కుటముగా నుండిరి. 1945లో ఆ ప్రాంతమునందలి సాకు ఆసుపత్రికి వచ్చిన తోషికజు వకత్సుకి అను వైద్యుడు రోగులు తన వద్దకు వచ్చువరకు వేచియుండక, తానే గ్రామములకు పోయెను. ఉపన్యాసము వినని గ్రామస్థులు నాటకము చూతురని గ్రహించి, తోడివారితో కలిసి ఆరోగ్య నాటకములు ప్రదర్శించెను. 1959లో యచిహో గ్రామమున ఊరందరికిని ఏటేట దేహపరీక్ష చేయు పద్ధతి ఆరంభమైనది. వకత్సుకికి 1976లో మెగసెసే బహుమానము లభించినది. నాటకమును ప్రేమించు సాంస్కృతిక సంఘములు ఈ వైద్యుని కథను ఎరిగియుండుట మంచిది.

1980 దశకారంభమున నగానోలో ఉప్పు తగ్గించు ఉద్యమము విస్తారముగా సాగినది. గ్రామములలోని స్త్రీలు స్వచ్ఛంద సేవికలై ఇంటింటికి పోయి, మిసో చారులో ఉప్పెంత కలదో చిన్న పరికరముతో కొలిచి చూపిరి. ఏండ్ల తరబడి తినిన చారును మానుమన్నచో ఎవరును మానరు. అందుచే వారు చారును మానుమని చెప్పలేదు. ముక్కలు పెంచుడు, నీరు తగ్గించుడు, మిసో తగ్గించుడు అని చెప్పిరి. కూరగాయలు నిండిన గిన్నెలో చారు పట్టుటకు చోటే తక్కువ. చారు తగ్గినచో ఉప్పు తగ్గును. పైగా కూరలలోని పొటాషియము దేహమునుండి ఉప్పు వెలికిపోవుటకు తోడ్పడును. 2010 నాటి లెక్కలలో నగానో పురుషుల సగటు ఆయుర్దాయము 80.88 ఏండ్లు, స్త్రీలది 87.18 ఏండ్లు; జపాను రాష్ట్రములన్నిటిలో రెండు విధముల అదే ప్రథమము. 2012 నాటి జాతీయ పరిశీలనలో కూరగాయల వాడుకయందును ఆ ప్రాంతమే ముందున్నది. ఈ ఫలము ఒక్క చారువలన వచ్చినదనుట సరికాదు. దేహపరీక్షలు, వృద్ధులు సైతము పొలములలో పనిచేయుట, కూరల వాడుక, అన్నియు కలసి దీనిని సాధించినవి. కాని మార్పు ఆరంభమైనది ప్రతి ఇంట పొయ్యిపైనున్న ఆ చారుగిన్నెతోడనే.

కావున ఇంట చేయు విధానము ఈ క్రింది ప్రకారము ఉండవలెను. నలుగురికి సరిపడు కొలతలు చెప్పబడుచున్నవి.

మిసోను ఎన్నుకొనుటలో మొదటి జాగ్రత్త. పెద్ద నగరములలో విదేశపు సరుకులు అమ్ము దుకాణములలో ఇది దొరకును. కొన్ని పొట్లములలో దాషి ముందే కలిపి యుండును. అందు చేపరసము ఉండుట సామాన్యము. శాకాహారులు పొట్లముపై వ్రాసియున్న వస్తువుల పట్టికను తప్పక చదువవలెను. కొన్నిటిని వేడిచేసి అందలి జీవక్రియను నిలిపివేసి యుందురు. వేడిచేయని దానిని పచ్చి మిసో, అనగా నామ మిసో యందురు. అది ఊపిరి విడుచుచుండును గనుక కొన్ని పొట్లములకు గాలి పోవుటకై చిన్న రంధ్రము అమర్చబడి యుండును. పచ్చి మిసోను చల్లనిపెట్టెలో భద్రపరచి, పొడి చెంచాతోనే తీయవలెను. సోయా సరిపడనివారు దీనిని ముట్టరాదు.

ముందునాటి రాత్రి అరచేతి పొడవు కొంబు ముక్కను, మూడు ఎండు షీటాకే పుట్టగొడుగులను 600 మిల్లీలీటర్ల మంచినీటిలో వేసి చల్లనిపెట్టెలో నుంచవలెను. ఈ దేశపు ఎండకాలమున బయట నుంచినచో చెడిపోవును. మరునాడు కొంబును తీసివేసి, పుట్టగొడుగుల కాడలు తొలగించి సన్నగా తరిగి, అదే నీటిలో పది నిమిషములు ఉడికింపవలెను. ‘పచ్చి చారు’ అని పేరున్నను షీటాకేను మాత్రము పచ్చిగా తినరాదు. కొందరికి ఒంటిపై చారలుగా దద్దురులు లేచును.

ఈలోగా కూరగాయలు. ఒక కారట్టు, చిన్న ముల్లంగి, పావు కాబేజీ, గుప్పెడు పాలకూర, నాలుగు ఉల్లికాడలు, చిన్న అల్లము ముక్క. అన్నియు కలసి సుమారు అరకిలోకు కొంచెము తక్కువగా నుండవలెను. వీనిని ధారగా పారు నీటిలో బాగుగా కడుగవలెను. కారట్టును, ముల్లంగిని అగ్గిపుల్లలవలె సన్నగా తరుగవలెను. కాబేజీని దారములవలె తరుగవలెను. ముక్క ఎంత సన్నమైన, నిప్పు అవసరము అంత తగ్గును. పాలకూరను మాత్రము మరుగునీటిలో ఒక్క నిమిషము ముంచి, పిండి, విడిగా నుంచవలెను. సోయాపాలతో చేసిన తోఫూ దొరికినచో దానిని చిన్న ఘనములుగా కోసి చేర్చవచ్చును.

పుట్టగొడుగులు ఉడికిన పిమ్మట, రసము తెరలుచుండగా పొయ్యి ఆర్పి, కారట్టు, ముల్లంగి, కాబేజీ, తోఫూలను అందులో వేసి మూతపెట్టవలెను. నాలుగైదు నిమిషములు చాలును. ముక్కలు మెత్తబడును గాని కరకరలాడుట మానవు. అప్పుడు మూత తీసి, ఒక చెంచాడు రసము నాలుకపై వేసి చూడవలెను. కాలుచున్నచో మరికొంతసేపు ఆగవలెను. హాయిగా త్రాగదగిన వేడికి దిగినపుడు మిసో కలుపు సమయము వచ్చినట్లు.

మిసో 40 గ్రాములు, అనగా పెద్ద చెంచాతో రెండు చెంచాలకు కొంచెము పైగా, చాలును. దానిని నేరుగా గిన్నెలో పడవేయరాదు; ఉండకట్టును. గరిటెలో నుంచి, కొద్ది రసము పోసి, చెంచాతో మెదిపి, పలుచనైన పిదప గిన్నెలో కలుపవలెను. ఇకమీదట పొయ్యి వెలిగింపరాదు. పాలకూరను నాలుగు గిన్నెలలో పంచి, పైన చారును ముక్కలతో సహా పోసి, సన్నగా తరిగిన ఉల్లికాడలు, తురిమిన అల్లము, వేయించిన నువ్వులు చల్లి వెంటనే వడ్డింపవలెను. విడిగా ఉప్పు వేయనక్కరలేదు.

ఇంత వేడి భయమెందుకని ఎవరైన అడుగవచ్చును. మొదటి కారణము పరిమళము. మిసో వాసన తేలికగా ఆవిరియగు ద్రవ్యములతో కూడినది. మరిగినచో అది పోయి ఉప్పదనము మాత్రము మిగులును. జపాను వంటవారు చారు మరుగబోవు తొలి క్షణమునకు నియెబన అని ప్రత్యేకముగా పేరు పెట్టి, ఆ క్షణముననే దింపుదురు. పరిమళము పోయిన చారునకు రుచి చాలదని మరికొంత మిసో వేయుట సహజము. అట్లు ఉప్పు పెరుగును. పరిమళమును నిలుపుకొనుట ఉప్పును తగ్గించు ఉపాయము కూడ. రెండవ కారణము, పచ్చి మిసోలోని సూక్ష్మజీవులు, పాచకద్రవ్యములు హెచ్చువేడికి నశించును. పెరుగువలె దానిని సజీవముగా తినగోరువారు చారు చల్లబడువరకు ఆగుట అందుకే. అంతమాత్రమున ఈ చారు రోగములను కుదుర్చునని ప్రచారము చేయుట తగదు. ఇది ఆహారము, ఔషధము కాదు.

నిప్పుతో పనియే లేని చారు కూడ జపానులో గలదు. క్యూషూ ద్వీపమునందలి మియజకి ప్రాంతమున వేసవిలో హియాజిరు, అనగా చల్లని చారు చేయుదురు. నువ్వులను, యవల మిసోను గాళ్ళుగల మట్టిరోట నూరి, ఆ ముద్దను సెగపై కొంచెము కాల్చి, చల్లని రసముతో పలుచన చేసి, చక్రములుగా తరిగిన దోసకాయను, చిదిపిన తోఫూను కలిపి వేడి అన్నముపై పోసికొందురు. అక్కడివారు అందు కాల్చిన చేపను చేర్చుట ఆచారము. శాకాహారులు దానిని మానవచ్చును. మండు వేసవిలో పొలమునుండి వచ్చినవారికి నోటికి హితమైన భోజనమిది. ఎండకాలపు చద్దియన్నమును, తరవాణిని ఎరిగిన తెలుగు రైతుకు దీని అవసరము విప్పి చెప్పనక్కరలేదు.

చివరగా ఉప్పు లెక్క. షిన్షూ మిసోవంటి దానిలో నూటికి 12 పాళ్ళు ఉప్పు ఉన్నదని అనుకొనినచో, 40 గ్రాములలో 4.8 గ్రాములు, నలుగురికి పంచగా తలకు 1.2 గ్రాములు. కూరలు కొద్దిగా వేసి, 800 మిల్లీలీటర్ల నీటిలో 60 గ్రాముల మిసో కలిపినచో తలకు 1.8 గ్రాములగును. ఒక గిన్నెకు మూడవవంతు ఉప్పు తగ్గినది. రోజు మొత్తమునకు ఒక మనిషికి 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా ఈ తగ్గించిన గిన్నెయు దినభత్యములో సుమారు నాల్గవవంతు. దీనిని త్రాగి, పిదప ఆవకాయతో ఒక ముద్ద, అప్పడముతో ఒక ముద్ద తినినచో చేసిన జాగ్రత్త అంతయు వృథా. మిసో చారు కాచిన పూట ఊరగాయ జాడీకి సెలవు ఈయవలెను.

దినమంతయు కార్యాలయమున కుర్చీలో కూర్చుండి పనిచేయు గృహస్థునకు నడివయస్సున రక్తపుపోటు కనిపించుట, వైద్యుడు ఉప్పు తగ్గింపుమనుట, ఇంటిల్లిపాదికిని భోజనము చప్పనగుట, పది దినములకే ఆ నియమము వీడిపోవుట అనేక గృహములలో జరుగు సంగతియే. నగానో స్త్రీలు చూపిన మార్గము ఇట్టి ఇండ్లకు మేలైనది. వారు చారును తీసివేయక దాని నడతను మార్చిరి. ఆ మార్గమునకు మిసోయే ఉండవలెనను నియమము లేదు. ముక్కల పులుసులో ముక్కలు పెంచి పులుసు తగ్గించినను, చారు పొంగగనే దింపి పరిమళమును కాపాడి ఉప్పు చిటికెడు తగ్గించినను ఫలమదియే. ఒక ఆదివారమున ఈ జపాను చారును ఇంట కాచి, పిల్లలచేత ఉప్పు లెక్క కట్టించి, మరునాడు ఇంటి పులుసుకు అదే లెక్క కట్టి చూచినచో ఈ ప్రసంగము సార్థకమగును.